గోడమీది జమీందారు

నేను ఒక ఫోటో ఫ్రేమును. వెడల్పాటి అంచు, అంచు మీద తీగెలూ ఆకులూ, వాటి మీద బంగారు రంగు. దూరం నుంచి చూస్తే రాజుల కాలం నాటి సామానులా ఉంటాను. దగ్గరికొచ్చి గోరుతో గీకితే లోపల ఉన్నది ప్యాకింగ్ పెట్టెల చెక్క. సినిమా వాళ్ల మధ్య బతకడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

యూసుఫ్‌గూడలో ఖాదర్ సాబ్ అనే ఆయన నన్ను చేశాడు. ఆయన కొట్లో ఫ్రేములు రెండే జాతులు. దేవుళ్లకు సన్న అంచు, పోయినవాళ్లకు వెడల్పు అంచు. ఎందుకలా అని ఒక గిరాకీ అడిగితే, "దేవుడు ఎట్లయినా గుర్తుంటడు సాబ్. పోయినోళ్లను మర్చిపోతరు గదా, వాళ్లది జర పెద్దగుండాలె" అన్నాడు.

నన్ను మొదట ఆర్డరిచ్చి చేయించింది ఒక ముసలాయన కొడుకులు. ఆయన అప్పటికి ఆసుపత్రిలో ఉన్నాడు, ఇవాళో రేపో అన్నారు. ముందుచూపున్న పిల్లలు. తీరా చూస్తే ముసలాయన లేచి కూర్చుని, ఇడ్లీ తిని, ఇంటికెళ్లిపోయాడు. తండ్రి బతికాడన్న సంతోషమో, ఫ్రేము దండగైందన్న బాధో గాని, వాళ్లు మళ్లీ కొట్టు వైపు రాలేదు. నేను లోపల ఎవరూ లేకుండా మేకుకు వేలాడుతూ, వచ్చేపోయేవాళ్ల మొహాలు నా అద్దంలో పడుతుంటే చూస్తూ ఉండిపోయాను. అలా చాలా మొహాలు చూశాను. ఏదీ నిలబడలేదు.

అప్పుడొచ్చాడు మల్లేశం. సిద్దిపేట వైపు మనిషి. టీవీ సీరియళ్లలో కుర్చీలు, బిందెలు, ఊయలలు, విషం సీసాలు ఏవి కావాలన్నా తెచ్చి పెట్టడం అతని పని. వాళ్ల భాషలో ప్రాపర్టీ మనిషి. ప్రాపర్టీ అన్నారు కదా అని ఆస్తిపరుడనుకునేరు. అతని చొక్కాకు పై గుండీ ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"సాబ్, సచ్చిపోయిన జమీందారు గావాలె. ఉన్నడా?" అన్నాడు.

"ఫ్రేమున్నది. జమీందారును నువ్వే తెచ్చుకో" అన్నాడు ఖాదర్ సాబ్.

అట్లా నేను సీరియల్లోకి వచ్చాను. దాని పేరు చెప్పను. పసుపు, కుంకుమ, గాజులు, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఆ పేరులో ఉంది, అంతవరకూ చాలు. కథ కూడా మీకు తెలిసిందే. పెద్ద ఇల్లు, ఆ ఇంట్లో రాజ్యలక్ష్మి అనే తల్లి, ఆమెను ఏడిపించడానికి ముగ్గురు కోడళ్లు. భర్త జమీందారు రాఘవేంద్రవర్మ రైలు ప్రమాదంలో పోయాడు. శవం దొరకలేదు. ఇదంతా మొదటి ఎపిసోడ్ మొదలవకముందే జరిగిపోయింది. కాబట్టి జమీందారు పాత్రకు మనిషి అక్కర్లేదు. ఫోటో చాలు.

ఫోటోలకేం కరువు? కృష్ణానగర్‌లో ఇంటికో నటుడు. ప్రతివాడూ అద్దె షేర్వాణీలో ఒకటి, కళ్లజోడుతో ఒకటి, చొక్కా చించుకుని ఒకటి ఫోటోలు తీయించుకుని ఆఫీసుల్లో పంచి వెళ్తాడు. ఆఫీసులో వాటి మీద టీ గ్లాసులు పెట్టుకుంటారు. ఆ కట్టలోంచి అసిస్టెంటు డైరెక్టర్ ఒకటి లాగి, గ్లాసు మరక తుడిచి, "ఈయన బాగున్నాడండీ. మొహంలోనే పోయిన కళ ఉంది" అన్నాడు.

ఆ పోయిన కళ ఉన్నాయన పేరు మేడిశెట్టి భద్రరావు. తూర్పు గోదావరి, రామచంద్రపురం. అక్కడ రైసు మిల్లులో పనిచేస్తూ నాటకాలాడేవాడు. గొంతు ఎలాంటిదంటే, మధ్యలో మైకు పోయినా జనం ఉందనే అనుకునేవారట. ఆ గొంతును నమ్ముకుని, మిల్లు మానేసి, భార్య నాగరత్నాన్ని వెంటేసుకుని హైదరాబాదు వచ్చాడు. వచ్చేముందు నాటకాల సావాసగాళ్లతో ఒక మాట అన్నాడట, టీవీలో నా గొంతు వినపడ్డాకే మళ్లీ ఈ ఊళ్లో స్టేజీ ఎక్కుతానని. ఇక్కడికొచ్చాక ఎవరో సంఖ్యాశాస్త్రం చూసి పేరు రుద్రతేజ అని మార్చారు. ఆ పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూసేవాడు కాదు. అందుకని మళ్లీ భద్రమే అయ్యాడు.

ఇక్కడి లెక్క ఒకటి మీకు చెప్పాలి. కృష్ణానగర్‌లో డైలాగున్నవాడు ఆర్టిస్టు. డైలాగు లేనివాడు జనం. మధ్యలో ఏమీ లేదు. పెళ్లి సీన్లో అక్షింతలు వేసినా, కోర్టు సీన్లో ముక్కున వేలేసుకున్నా జనమే. భద్రం అప్పటికి చాలా పెళ్లిళ్లకు వెళ్లాడు, చాలా తీర్పులు విన్నాడు. నోరు మాత్రం తెరవలేదు. ఆయనకు కావలసింది ఒక్క డైలాగు. తన నోటితో, తన గొంతుతో.

అసిస్టెంటు ఫోన్ చేసి, "భద్రం గారూ, మీ ఫోటో సెలెక్టయింది, రేపు రండి" అన్నాడు. మనిషి చెవి వినదలుచుకున్నదే వింటుంది. ఫోటో అన్న ముక్క ఈయన చెవిలో పడలేదు. మర్నాడు యూనిట్టందరికీ సరిపడా కాజాల పెట్టెతో దిగాడు. సెట్టులోకి వస్తూనే గోడ మీద నన్ను చూశాడు. నాలో తను, తన మీద ప్లాస్టిక్ గులాబీల దండ, ముందు కరెంటు దీపం. కాజాల పెట్టె చేతిలోనే ఉండిపోయింది.

"మరి నా డైలాగు ఎప్పుడండీ?" అని మల్లేశాన్ని అడిగాడు.

"అన్నా, నువ్వు సచ్చిపోయినవ్. సచ్చినోళ్లకు డైలాగులేడుంటయే?" అన్నాడు మల్లేశం, కాజా ఒకటి తీసుకుంటూ.

ఈ సీరియల్ వాళ్లకు కథలో న్యాయం అక్కర్లేదు గాని శాస్త్రం మాత్రం తప్పకూడదు. బతికున్న మనిషి ఫోటోకు దండ వేసినా, బతికున్న మనిషిని పాడె మీద పడుకోబెట్టినా, షాట్ అవగానే ఆ మనిషి కెమెరాలోకి చూసి నవ్వాలి. అప్పుడు దోషం పోతుందట. ఆయన్ను పిలిపించింది అందుకే. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. డైరెక్టర్ కృపాకర్ గారు కుర్చీలోంచే, "భద్రం గారూ, కెమెరా ముందుకొచ్చి ఒకసారి నవ్వండి" అన్నాడు.

భద్రం దాన్ని పరీక్ష అనుకున్నాడు. మొదట రాజు నవ్వు నవ్వాడు. తర్వాత దుర్మార్గుడి నవ్వు. ఆ తర్వాత పెళ్లాం పోయినవాడి నవ్వు, అది నవ్వుతూ ఏడవటం, చాలా కష్టమైన పనట. యూనిట్టంతా భోజనానికి లేవబోతూ ఆగింది. ఎవరూ వద్దనకపోయేసరికి ఆయన అంగవస్త్రం సర్దుకుని నాటకంలోని పెద్ద డైలాగు ఎత్తుకున్నాడు. లైట్లకు వేలాడే తీగెలు ఊగాయంటే నమ్మండి. అంతా అయ్యాక చెమట తుడుచుకుంటూ, "ఇంకోటి చెయ్యమంటారా?" అన్నాడు.

"బాగా చేశారండీ. కెమెరా మాత్రం ఆన్‌లో లేదు" అన్నాడు కెమెరామన్. "దిష్టికి బ్యాటరీ దండగ కదా."

అందరూ నవ్వారు. భద్రం కూడా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం ముందు చూపించిన వాటిలో లేదు.

అక్కణ్ణుంచి ఏళ్లు గడిచాయి. నా ముందు నిలబడి ఏడవని మనిషి లేడు. రాజ్యలక్ష్మిగా వేసే హేమలత గారు రోజూ కళ్లలో గ్లిజరిన్ వేసుకుని వచ్చి, "ఏవండీ, చూశారా మీ కోడలు నన్ను ఎంత మాటందో" అనేది. కెమెరా ఆమె మొహం మీదికి వెళ్లేది, నా మీదికి వచ్చేది, మళ్లీ ఆమె మీదికి, మళ్లీ నా మీదికి. ఉరుము వినిపించేది. ఎండాకాలమైనా సరే. ఒక కోడలు నా వెనకాల బీరువా తాళాలు దాచింది. ఇంకో కోడలు నా మీద ప్రమాణం చేసి అబద్ధమాడింది. నేను పడిపోయి అశుభం చెప్పిన ఎపిసోడ్లు కూడా ఉన్నాయి. దారం కట్టి లాగేది మల్లేశమే.

రోజూ సాయంత్రం ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఆడవాళ్లందరూ భద్రం మొహం చూసేవారు. అన్నిసార్లు కనిపించే నటుడు ఇంకొకడు లేడు. కాని ఆయన కెరీరు అక్కడే ఆగింది. వేరే సీరియల్ వాళ్ల దగ్గరికి వేషానికి వెళ్తే, "మీరు అందులో పోయారు కదండీ, ఇక్కడ బతికుంటే జనం ఒప్పుకోరు. కావాలంటే మా దగ్గర కూడా ఒక ఫోటో ఉంది" అనేవారు. అట్లా ఆయన ఇంకో రెండు మూడు ఇళ్లల్లో పోయాడు. ఒక చోట హీరోయిన్ తండ్రిగా, ఒక చోట దేశం కోసం ప్రాణాలిచ్చిన మేజరుగా. మేజరు టోపీని ఫోటో మీద కంప్యూటర్లో అతికించారు. దానికి ఆయన్ను పిలవను కూడా లేదు.

కూరగాయల బజారులో ఒకావిడ ఆయన్ను చూసి చేతిలో సొరకాయ వదిలేసిందట. "అయ్యో, మీరు పోయారు కదండీ" అందట. ఇవన్నీ ఆయన షూటింగుకొచ్చినప్పుడు నా కింద స్టూలు వేసుకుని మల్లేశంతో చెప్పుకునేవాడు. పని లేకపోయినా వచ్చేవాడు. ఎప్పుడైనా ఎవరైనా రాకపోతే ఆ డైలాగు తనకు ఇస్తారేమోనని.

"ఇంట్ల వదినె ఏమంటది?" అన్నాడు మల్లేశం ఒకసారి.

"ఏవంటాది. సీరియల్ టైముకి టీవీ వైరు పీకేస్తాది. నాకు దండ పడ్డ దగ్గర్నుంచి దాని బొట్టు చూశావా, రోజుకింత పెరుగుతోంది."

తర్వాత ఒకరోజు సీరియల్ చూసేవాళ్లు తగ్గిపోయారు. ఛానెల్ వాళ్లొచ్చి కూర్చున్నారు. కోడళ్లు చేయదగిన పాపాలన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది పోయినవాణ్ణి బతికించడమే. జమీందారు తిరిగొస్తున్నాడని ప్రకటించారు. నాలో ఉన్నవాడికి కబురు పెడతారని నేననుకున్నాను. పెట్టలేదు. ఒకప్పుడు సినిమాల్లో హీరో పక్కన తిరిగిన తెలిసిన మొహాన్ని తెచ్చారు. నా వెనక మేకులు ఊడదీసి భద్రాన్ని బయటికి లాగి, ఆ కొత్తాయన ఫోటో పెట్టారు. ఎవరు గమనిస్తారులే అన్నాడు కృపాకర్ గారు.

అందరూ గమనించారు. ఛానెల్ ఫోను మోగుతూనే ఉంది. "మా మామగారిని మార్చేశారేంటి?" అని ఒకావిడ. "ఇన్నేళ్లు చూసిన మనిషిని మాకు తెలీదా, ఈయనెవరో దొంగ" అని ఇంకొకావిడ. కథలో ఆ దొంగ పాయింటు వాడుకుందామా అని రైటర్ గారు కొంచెంసేపు ఆశపడ్డాడు గాని, ఆ కొత్తాయనకు కోపం వచ్చి వెళ్లిపోయాడు. మల్లేశం భద్రం ఫోటోను చెత్తబుట్ట పక్కనుంచి తెచ్చి మళ్లీ నాలో దూర్చాడు. భద్రానికి ఫోన్ వెళ్లింది.

ఆయన సెట్టులోకొచ్చిన తీరు మీరు చూడాలి. కొత్త చెప్పులు, గొంతుకు మఫ్లరు, జేబులో మిరియాలు. గొంతును పెళ్లికూతురిలా దాచి తెచ్చాడు. కృపాకర్ గారు ఆయన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ల మీద శాలువా కప్పాడు.

"డైలాగు పేపరు ఇప్పిస్తారా అండీ?"

"డైలాగు లేదండీ. ప్రమాదంలో మీకు మాట పడిపోయింది."

"అదేంటండీ బాబూ, కాళ్లు పోయాయి కదా, మాట కూడా ఎందుకండీ?"

"మీరు మాట్లాడితే ఇన్నేళ్లూ ఎక్కడున్నారో చెప్పాలి కదా. అది మా రైటర్ గారికే తెలీదు."

అట్లా ఆయన గోడ మీది నుంచి కుర్చీలోకి దిగాడు. అంతే తేడా. హేమలత గారు ఇన్నాళ్లూ నాతో చెప్పుకున్నవే ఇప్పుడు ఆయనతో చెప్పుకుని ఏడ్చేది. ఆయన కళ్లతో జవాబు చెప్పేవాడు. మంచి కళ్లే. కాని ఆ కళ్ల కింద నోరు కుట్టేసినట్టు బిగించుకుని కూర్చోవడం నేను చూశాను. షాట్‌కీ షాట్‌కీ మధ్య పక్కగదిలోకి వెళ్లి గోడకేసి డైలాగులు చెప్పుకునేవాడు. వాడకపోతే తుప్పు పడుతుందని భయం.

జనానికి అదీ నచ్చలేదు. రాజ్యలక్ష్మి మొగుడితో ఉంటే చూడబుద్ధి కావట్లేదన్నారు. ఏడుపులో ఆ బలం లేదన్నారు. ఛానెల్ వాళ్లు మళ్లీ వచ్చి కూర్చున్నారు. ఈసారి శవం కనపడేట్టు చంపమన్నారు. అప్పుడు రైటర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. పోయేముందు జమీందారుకు మాట తిరిగి వస్తుంది. ఒక్క డైలాగు. "రాజ్యం, పిల్లలు జాగ్రత్త." తల వాల్చేయాలి.

ఆ రోజు నాగరత్నం మొదటిసారి సెట్టుకు వచ్చింది. కళ్లజోడు, చేతి సంచి, మొహంలో సగం బొట్టు. మేకప్ మనిషి భద్రం ముక్కులో పెట్టడానికి దూది చుడుతుంటే ఆవిడకు చిర్రెత్తింది.

"ఫోటోకే కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నానండీ. ఇప్పుడు దూదులు కూడా పెట్టించుకుంటారా?"

"పెట్టనీ నాగరత్నం. ముక్కులోనే కదా. నోరు ఖాళీయే" అన్నాడాయన.

లైట్లు వెలిగాయి. మంచం మీద భద్రం, పక్కన హేమలత గారు, ఎదురు గోడ మీద నేను. కృపాకర్ గారు యాక్షన్ అన్నాడు. భద్రం పెదవులు కదిలించాడు. చాలాసేపు ఊపిరే వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది. అరుపు కాదు. నీళ్ల బిందె నిండుతున్నప్పటి చప్పుడులా, లోపల్నుంచి.

"రాజ్యం, పిల్లలు జాగ్రత్త."

తల వాల్చాలి. వాల్చలేదు.

"నేనెక్కడున్నానో అడగవేం రాజ్యం? రైలు పడ్డాక నన్నెవరో ఒక మిల్లు దగ్గర దింపి పోయారు. పేరు తెలీదు, ఊరు తెలీదు. బస్తాలు మోశాను. తిండి పెట్టేవాళ్లు. మాట్లాడమని ఎవరూ అడగలేదు."

రైటర్ గారు కుర్చీలోంచి లేచాడు. తన కథలో ఇన్నాళ్లూ ఉన్న బొక్క పూడుతుంటే జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు. కృపాకర్ గారు గొంతు తగ్గించి, "భద్రం గారూ, ఇక పోవాలండీ" అన్నాడు. భద్రం పోలేదు.

"నువ్వు నా ఫోటో ముందు నిలబడి చెప్పుకున్నవన్నీ నాకు తెలుసు రాజ్యం. గోడ మీద ఉన్నవాడికి చెవులుంటాయి. నోరే ఉండదు."

హేమలత గారు ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి. గ్లిజరిన్ సీసా పక్కనే ఉంది, దాని మూత కూడా తియ్యలేదు. పేపర్లో లేని మాట ఆవిడే అడిగింది. "ఒక్క కబురైనా పంపలేదేమండీ?"

"పంపాను. ఎవరికీ వినపళ్లేదు. ఇవాళ విన్నావు కదా. చాలు."

అప్పుడు పోయాడు. తీరిగ్గా, తనకు తోచినప్పుడు. కట్ చెప్పడం కృపాకర్ గారు మర్చిపోయాడు. మల్లేశం చొక్కా కొసతో ముక్కు తుడుచుకున్నాడు. ఈసారి కెమెరా ఆన్‌లోనే ఉంది.

కొత్తగా పోయిన జమీందారుకు ముసలి మొహంతో కొత్త ఫోటో తీశారు, దానికి ఇంకా పెద్ద ఫ్రేము వచ్చింది. నాతో పని అయిపోయింది. గోడౌన్లో పడేయడానికి మనసొప్పక మల్లేశం నన్ను పాత పేపర్లో చుట్టి భద్రం చేతికిచ్చాడు. "ఉంచుకో అన్నా. ఇందుల నువ్వే ఉన్నవ్ గదా."

నాగరత్నం నన్ను గుమ్మం దాటనివ్వలేదు. బయటే మేకులు ఊడదీసి, మొగుడి ఫోటోను లాగేసి, నన్ను పసుపు నీళ్లతో కడిగింది. నా బంగారు రంగు సగం అక్కడే పోయింది. తర్వాత అన్నవరం సత్యనారాయణస్వామి బొమ్మ పెట్టి, ముందుగదిలో టీవీకి ఎదురుగా పడేలా వంటింటి గోడకు తగిలించింది. ఖాదర్ సాబ్ చూస్తే ఒప్పుకోడు, వెడల్పు అంచు దేవుళ్లది కాదు. స్వామి మాత్రం ఏమీ అనలేదు. ఆయనకూ డైలాగుల్లేవు.

ఎపిసోడ్ వచ్చే సాయంత్రం నాగరత్నమే టీవీ వైరు పెట్టింది. పక్క వాటాల వాళ్లందరూ వచ్చి కింద కూర్చున్నారు. భద్రం రామచంద్రపురం ఫోన్ చేసి సావాసగాళ్లకు టైము చెప్పాడు, మళ్లీ చేసి ఛానెల్ నంబరు చెప్పాడు. తర్వాత గోడకానుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

మంచం వచ్చింది. భద్రం మొహం వచ్చింది. పెదవులు కదిలాయి. "రాజ్యం" అన్న మాట సగం వినిపించింది. అంతే. వేణువు మొదలైంది. వేణువు మీద వయొలిన్లు, వాటి మీద ఎవరో ఆడమనిషి ఆలాపన. ఛానెల్ వాళ్లకు మాటలు ఎక్కువయ్యాయనిపించి పైన పాట వేసేశారు. తెర మీద భద్రం నోరు కదులుతోంది, కదులుతూనే ఉంది, అక్వేరియంలో చేపలా.

గోడ దగ్గర భద్రం తల దించుకున్నాడు.

అప్పుడు నాగరత్నం లేచి టీవీ సౌండు పూర్తిగా తగ్గించేసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, తెర పక్కన నిలబడి, ఆయన పెదవులు చూస్తూ మొదలుపెట్టింది.

"నేనెక్కడున్నానో అడగవేం రాజ్యం? రైలు పడ్డాక నన్నెవరో ఒక మిల్లు దగ్గర దింపి పోయారు..."

ఆ మాటలు సెట్టులో అప్పటికప్పుడు పుట్టాయని యూనిట్టంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. పుట్టింది ఈ వంటింట్లోనట. ఆయన ఇక్కడ నిలబడి చెప్పుకుని చూసుకుంటుంటే, ఆవిడ దోసెలు పోస్తూ, ఇలాంటి చావు వేషం వద్దని తిడుతూ, మధ్యమధ్య రాజ్యం మాటలు అందించిందట. అందుకే ఒక్క ముక్క కూడా తప్పలేదు. గొంతు బాగాలేదు, నాటకం ఆడిన గొంతు కాదు. కొళాయి దగ్గర వంతు కోసం అరిచే గొంతు. కాని పెదవికి పెదవి సరిపోయింది. కింద కూర్చున్న ఆడవాళ్లు తెర వదిలేసి ఆవిడను చూస్తున్నారు. భద్రం తలెత్తాడు.

"గోడ మీద ఉన్నవాడికి చెవులుంటాయి, నోరే ఉండదు" అంది నాగరత్నం.

"అక్కడ కాస్త ఆగాలి నాగరత్నం. చెవులుంటాయి అని, ఆగి, అప్పుడు" అన్నాడు భద్రం.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. "ఆగితే ఎలాగండీ" అంది. "మీరు పోయేలోపు అయిపోవాలి కదా."